డిష్‌వాషర్‌లో గిన్నెలు శుభ్రపడకపోతే కారణం ఎలా పట్టుకోవాలి?

డిష్‌వాషర్ ఆగాక తలుపు తెరిస్తే గ్లాసులు ముగ్గుపిండి చల్లినట్టు తెల్లబారి, పళ్ళేల అంచున రాత్రి తిన్న పప్పు అట్టకట్టి కనిపించినప్పుడు, ఎక్కువమంది వెంటనే మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ చేసేముందు ఒక గంట తీరిక చేసుకుని, ఇక్కడ చెప్పిన వరుసలో మీరే పరిశీలించి చూడండి. కర్నూలు వంటి ఊళ్ళో ఈ యంత్రం సరిగా కడగకపోవడానికి కారణం చాలాసార్లు యంత్రంలో ఉండదు; దానిలోకి వచ్చే నీటిలోనో, మనం గిన్నెలు పేర్చిన తీరులోనో, జల్లెడలో చిక్కుకున్న అన్నం మెతుకుల్లోనో ఉంటుంది.

మాకు ఈ సంగతి కొంత డబ్బు వదిలాక తెలిసింది. పై ట్రేలోని గ్లాసులు వారం రోజులుగా జిడ్డుతోనే బయటికి వస్తుంటే మెకానిక్‌ను పిలిపించాం. ఆయన లోపల చెయ్యి పెట్టకుండానే కంట్రోల్ బోర్డు మార్చాలని చెప్పి, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నేను పై స్ప్రే ఆర్మ్‌ను, అంటే తిరుగుతూ నీటిని చిమ్మే రంధ్రాల గొట్టాన్ని, ఊడదీసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూస్తే, వరుసగా ఉన్న రంధ్రాల్లో నాలుగింటిని నాలుగు ఆవగింజలు బిరడా కొట్టినట్టు మూసివేసి ఉన్నాయి. పుల్లతో పొడిచి తీసేసరికి మరుసటి రోజు నుంచి గ్లాసులు మామూలుగానే వచ్చాయి. "మిషన్ కూడా తిరగమాత తింటాదేమిరా" అని మా అమ్మ నవ్వింది.

ముందు ఏం మిగిలిందో చూడండి

ఈ యంత్రం గిన్నెలను తోమదు. 1886 డిసెంబరు 28న అమెరికాలో జోసఫీన్ కాక్రేన్ అనే ఆమె పేటెంట్ పొందిన యంత్రం నుంచి నేటి దాకా దీని కిటుకు ఒకటే: గిన్నెలను అరల్లో నిలిపి ఉంచి, వాటి మీదికి వేడి సబ్బునీటిని ఒత్తిడితో చిమ్మడం. కాబట్టి గిన్నె మురికిగా మిగిలిందంటే నీరు దానిని తాకి ఉండదు, లేదా ఆ నీరు తగినంత వేడెక్కి ఉండదు, లేదా డిటర్జెంట్ సరిగా కరిగి ఉండదు, అదీ కాకపోతే కడిగిన నీరే ఆరిపోతూ తన మరకను వదిలి ఉంటుంది. ఈ నాలుగూ నాలుగు రకాల గుర్తులను మిగులుస్తాయి.

పూర్తిగా ఆరిన ఒక గాజు గ్లాసును, ఒక స్టీలు పళ్ళేన్ని తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకోండి. అన్ని గిన్నెల మీదా సన్నటి కారప్పొడి, మెతుకుల నలక ఇసుకలా చేతికి తగిలితే, మురికినీరే మళ్ళీ మళ్ళీ తిరుగుతోందని, తప్పు జల్లెడలోనో, నీరు బయటికి పోయే పైపులోనో ఉందని అర్థం. ఒక పళ్ళెంలో ఒక్కచోటే మచ్చ మిగిలి తక్కినదంతా మెరుస్తుంటే అది పేర్చడంలో జరిగిన పొరపాటు. కింది ట్రే బాగుండి పై ట్రే మాత్రమే మురికిగా ఉంటే పై స్ప్రే ఆర్మ్‌నో, నీటి ఒత్తిడినో అనుమానించాలి. అన్నీ జిడ్డుగా ఉంటే వేడి గానీ డిటర్జెంట్ గానీ చాలలేదు.

తెల్లటి పొర విషయంలో మరో చిన్న పరీక్ష చేయాలి. తడిగుడ్డతో తుడవగానే పోతే అది కరిగే ఉప్పులో, మిగిలిపోయిన డిటర్జెంటో అయి ఉంటుంది. తడిగుడ్డకు పోకపోతే నిమ్మరసం చుక్క వేసి ఒక నిమిషం ఆగి తుడవండి. అప్పుడు పోతే అది సున్నం. దానికీ పోకుండా గ్లాసు మసకగానే ఉంటే, అది మురికి కాదు, గాజు పైపొర అరిగిపోయింది. ఆ గ్లాసు ఇక మునుపటిలా కాదు కాబట్టి దాని కోసం శ్రమపడనక్కరలేదు.

జల్లెడ, స్ప్రే ఆర్మ్‌లు

స్విచ్ ఆపివేసి కింది ట్రేను బయటికి లాగేస్తే అడుగున గుండ్రటి జల్లెడ కనిపిస్తుంది. దానిని ఎడమవైపుకు తిప్పి పైకి లాగితే ఊడివస్తుంది. దాని కింద సన్నటి రంధ్రాలున్న స్టీలు పలక ఒకటి ఉంటుంది, దానినీ తీయండి. రెండింటినీ పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు కడిగే సబ్బుతో కుళాయి కింద రుద్ది, వెలుతురుకు ఎదురుగా పెట్టి ప్రతి రంధ్రమూ తెరుచుకుందో లేదో చూసుకోండి. మన జల్లెడల్లో దొరికేవి దాదాపు ఒకటే తరహా వస్తువులు: ఉబ్బి గంజిలా మారిన అన్నం, కరివేపాకు, ఎండుమిరప తొక్క, చింతపండు పీచు, వేరుశెనగ చట్నీ పిప్పి. వీటిలో అన్నమే అన్నిటికంటే మొండిది. ఒక్కో మెతుకు వేడినీటిలో నాని రంధ్రానికి అతుక్కుని, ఆరాక జిగురు పూసినట్టు గట్టిపడుతుంది. తిరిగి అమర్చేటప్పుడు జల్లెడ టక్కున బిగిసే దాకా తిప్పాలి. అది వదులుగా ఉంటే దాని పక్క నుంచి మురికి పంపులోకి పోతుంది.

జల్లెడ తీసి ఉన్నప్పుడే ఆ గుంతలో నిలిచిన నీటిని గమనించండి. అడుగున కాస్త నీరు ఉండడం సహజమే గానీ, ఆ నీరు పైకి నిండి ఉంటే నీరు బయటికి పోవడం లేదు. వెనుక డ్రెయిన్ పైపు గోడకు నొక్కుకుపోయిందేమో, సింకు కింద కలిసే చోట జిడ్డు పేరుకుందేమో చూడండి. మన ఇళ్ళలో దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు కూడా జరుగుతుంది: వాష్ ఏరియాలో పైపు కొసను నేల మీద మోరీ దగ్గర పడేసి వదిలేస్తారు. అలా వదిలితే కడుగుతున్న నీరు దానంతటదే కిందికి జారిపోయి, యంత్రం చాలీచాలని నీటితో కడుగుతుంది. డ్రెయిన్ పైపు ఎంత ఎత్తున ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా వాటిలో నేల నుంచి సుమారు 40 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదని ఉంటుంది.

స్ప్రే ఆర్మ్‌లలో కిందిది సాధారణంగా నేరుగా పైకి లాగితే వస్తుంది, పైదానికి మర తిప్పాల్సి రావచ్చు. రంధ్రాలను పుల్లతో లోపలికి తోయకుండా బయటికి లాగి శుభ్రం చేయండి, లోపలికి తోసిన ఆవగింజ మళ్ళీ ఇంకో రంధ్రానికి అడ్డం పడుతుంది. తరువాత ఆర్మ్‌ను కుళాయికి పట్టి నీరు పోసి ఊపితే, లోపల గలగలమనే గింజలు ఏమైనా ఉంటే బయటికి వచ్చేస్తాయి.

పేర్చే తీరు

గిన్నెలను యంత్రంలో పెట్టేముందు సబ్బుతో కడగవలసిన పని లేదు, కానీ మెతుకులు, ఎముకలు, కరివేపాకు చెత్తబుట్టలోకి దులిపివేయాలి. రాగి సంగటి వండిన గిన్నె విషయం వేరు. సంగటి ఆరితే గిన్నె గోడకు పెంకులాగా పట్టుకుంటుంది. నీటి ధార దానిని ఒక్క కడుగుకు లేపలేదు. అది ఆరకముందే చన్నీళ్ళు పోసి అరగంట నానబెట్టి, చెక్క గరిటెతో ఒకసారి గీకి అప్పుడు లోపల పెట్టండి. జొన్నరొట్టె పిండి కలిపిన బేసిన్‌కూ ఇదే పద్ధతి.

పెద్ద గిన్నెలు, కడాయిలు కింది ట్రేలో నోరు కిందికి ఉండేలా వంచి పెట్టాలి. బోర్లించిన గిన్నె ఇంకొక గిన్నె మీద మూతలా కూర్చోకూడదు. ఒకదానిలో ఒకటి దూరిన స్టీలు గిన్నెల మధ్యకు నీరు పోదు. పళ్ళేలను ఒకదానికొకటి అంటకుండా, ముఖం మధ్యవైపుకు తిప్పి నిలబెట్టండి. గ్లాసులు, చిన్న గిన్నెలు, కప్పులు పై ట్రేలో బోర్లించాలి. అన్నీ పెట్టాక స్విచ్ వేసేముందు రెండు స్ప్రే ఆర్మ్‌లను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. పొడవాటి గరిటె కాడ ఒకటి కిందికి జారి ఆర్మ్‌కు తగిలితే చాలు, ఆ ఆర్మ్ కార్యక్రమం (ప్రోగ్రామ్) అయ్యేదాకా ఒకేచోట నిలబడి ఒకే పళ్ళేన్ని కడుగుతూ ఉంటుంది. డిటర్జెంట్ గూడు తలుపుకు ఎదురుగా పెద్ద పళ్ళెం గానీ చాపింగ్ బోర్డు గానీ పెట్టకండి. గూడు మూత పూర్తిగా తెరుచుకోక, డిటర్జెంట్ మాత్ర అందులోనే సగం కరిగి ఉండిపోతుంది.

అల్యూమినియం కుక్కర్లను, చెక్క గరిటెలను, ఇనుప పెనాలను, ఇత్తడి, రాగి పాత్రలను లోపల పెట్టకూడదు. డిటర్జెంట్‌లోని క్షారం వల్ల అల్యూమినియం నల్లబడుతుంది, ఆ నలుపు మురికి కాదు కాబట్టి ఎన్నిసార్లు కడిగినా పోదు. ప్లాస్టిక్ డబ్బాలకు పట్టిన పసుపు మరక కూడా యంత్రం తప్పు కాదు. కడిగిన డబ్బాను మిద్దె మీద రెండు మూడు రోజులు ఎండలో పెడితే చాలావరకు వెలిసిపోతుంది, ఎండకు మనకు కొదవ లేదు.

నీటి ఒత్తిడి

యంత్రం లోపలి పంపు నీటిని చిమ్ముతుంది నిజమే, అయితే ముందు లోపలికి నీరు తగినంత రావాలి. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు ఇచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. మీ ట్యాంకులోని నీటిమట్టం యంత్రం కుళాయికి 3 మీటర్లే ఎత్తున ఉంటే మీకు దక్కేది 0.3 బార్. అపార్ట్‌మెంటులో కింది అంతస్తులో చక్కగా పనిచేసే యంత్రమే పై అంతస్తులో ఎందుకు మొరాయిస్తుందో దీనితో తెలుస్తుంది. మీ యంత్రానికి కనీసం ఎంత కావాలో మాన్యువల్‌లో చూడండి.

కొలవడానికి బకెట్ చాలు. ఇన్‌లెట్ పైపును కుళాయి నుంచి విప్పి, ఆ కుళాయిని పూర్తిగా తిప్పి ఒక నిమిషంలో ఎన్ని లీటర్లు పడిందో కొలవండి. 10 లీటర్లు పడితే బెంగ లేదు. అంతకంటే బాగా తక్కువ పడితే ముందు ఇన్‌లెట్ పైపు కొసలో ఉన్న సన్నటి జాలిని చూడండి. బోరు నీటిలో వచ్చే ఇసుక, పాత ఇనుప పైపుల తుప్పు అక్కడే పేరుకుంటాయి. పట్టకారుతో జాలిని లాగి కడిగి మళ్ళీ పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. ఇసుక తరచూ వస్తుంటే కుళాయికి, యంత్రానికి మధ్య ఒక సెడిమెంట్ ఫిల్టర్ బిగించుకోండి. ఇదంతా చేసినా ధార సన్నగానే ఉంటే ఆ పైపు లైనుకు ప్రెషర్ పంపు పెట్టించుకోవడమే మార్గం.

వేడి, డిటర్జెంట్

మన వంటల్లోని వేరుశెనగనూనె, నెయ్యి, మసాలా జిడ్డు గోరువెచ్చని నీటికి లొంగదు. ఎకో కార్యక్రమం తక్కువ వేడితో ఎక్కువసేపు కడుగుతుంది. పప్పు, అన్నం తిన్న పళ్ళేలకు అది చాలు. నాటుకోడి పులుసు వండిన రోజు మాత్రం 65 నుంచి 70 డిగ్రీల ఇంటెన్సివ్ కార్యక్రమాన్నే ఎంచుకోండి. అరగంటలో ముగిసే క్విక్ కార్యక్రమంతో జిడ్డు గిన్నెలు కడగాలని చూడడం వృథా. మాత్ర పూర్తిగా కరగడానికి కూడా ఆ సమయం చాలదు.

ఇంటెన్సివ్ పెట్టినా గిన్నెలు చివరికి చల్లగా వస్తుంటే కరెంటును గమనించండి. హీటర్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే హీటరు, 180 వోల్టుల దగ్గర సుమారు 1,220 వాట్లే ఇస్తుంది. వేసవి సాయంత్రం వీధిలో అందరి ఏసీలూ నడుస్తున్నప్పుడు మీ వోల్టేజీ తగ్గుతుంటే, యంత్రాన్ని రాత్రి పొద్దుపోయాక గానీ తెల్లవారుజామున గానీ నడిపి చూడండి. అప్పుడు గిన్నెలు బాగా వస్తే మీ హీటరు చెడిపోలేదు.

డిటర్జెంట్ డిష్‌వాషర్ కోసం తయారుచేసినదే వాడాలి. చేత్తో గిన్నెలు తోమే సబ్బు ద్రవాన్ని ఒక చెంచా వేసినా లోపలంతా నురుగు నిండి, పంపు నీటికి బదులు గాలిని తోస్తుంది. పొరపాటున ఎవరైనా వేస్తే యంత్రాన్ని ఆపి, నీటిని డ్రెయిన్ చేసి, నురుగు తగ్గేదాకా ఉత్త చన్నీళ్ళతో ఒకటి రెండుసార్లు నడపండి. పొడి వాడేవారు డబ్బాను వంటింటి ఆవిరికి దూరంగా, మూత బిగించి పెట్టుకోవాలి. గడ్డకట్టిన పొడి గూడులోనే ముద్దగా ఉండిపోతుంది. గూడు తడిగా ఉన్నప్పుడు డిటర్జెంట్ వేయకుండా ముందు గుడ్డతో తుడవడం మరవకండి.

తెల్లటి పొర

మన జిల్లాల్లో అసలు తంటా ఇక్కడే ఉంది. నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవారికి ఈ సంగతి వివరించడం తేలిక: సున్నపురాయిని వాననీరు కరిగించుకుపోతే అక్కడ గుహలు ఏర్పడ్డాయి, ఆ సున్నం నీటి నుంచి తిరిగి గడ్డకడితే పైకప్పు నుంచి రాతి ఊడలు వేలాడాయి. మన బోర్లలో ఊరే నీటిలోనూ కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఆ నీటిని వేడిచేసి గ్లాసు మీద ఆరబెడితే మిగిలే తెల్లపొర ఆ రాతి ఊడకు చిన్న చెల్లెలే.

కర్నూలులో చాలా ఇళ్ళకు కొన్ని గంటలు తుంగభద్ర నీరు కుళాయిలో వస్తుంది, తక్కిన సమయం బోరు నీరు. రెండూ ఒకే ట్యాంకులో కలిస్తే ఈరోజు గ్లాసు మెరిసి, రేపు మసకబారుతుంది. తప్పు యంత్రానిదని మనం అనుకుంటాం. తేడా మీరే చూడవచ్చు. వంటింటి నల్లటి కడప బండ మీద ఒక చుక్క కుళాయి నీరు, పక్కనే ఒక చుక్క బోరు నీరు, ఇంకో పక్కన ఒక చుక్క ఆర్‌ఓ నీరు వేసి ఆరనివ్వండి. ఆర్‌ఓ చుక్క జాడ దాదాపు కనిపించదు. బోరు నీటి చుక్క తెల్లటి వలయాన్ని వదిలిపోతుంది.

ఇది చూపుకు సరిపోయే పరీక్ష, యంత్రానికి మాత్రం అంకె కావాలి. నీటి కఠినత్వాన్ని, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం మోతాదును, కొలిచే పట్టీలను గానీ చుక్కల కిట్‌ను గానీ కొని పరీక్షించండి. టీడీఎస్ మీటరు చూపే అంకెను కఠినత్వంగా పొరబడకండి; అది కరిగిన అన్ని లవణాలనూ కలిపి చెబుతుంది, సోడియం లవణాలతో సహా. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే ఆమోదయోగ్యం, వేరే నీటివనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. అనేక డిష్‌వాషర్ల మాన్యువళ్ళలో ఇది జర్మన్ డిగ్రీలలో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాములు. మీ నీరు 600 చూపితే 17.8తో భాగించండి, సుమారు 34 డిగ్రీలు వస్తుంది. ఆ అంకెకు తగిన మెట్టును యంత్రం సెట్టింగులో పెట్టాలి. కొన్న రోజున ఉన్న మెట్టు మీద ఏళ్ళ తరబడి వాడేవాళ్ళే ఎక్కువ, అందులో మేమూ ఉన్నాం.

సెట్టింగ్ ఒక్కటే చాలదు, ఉప్పు కావాలి. యంత్రం అడుగున ఉన్న సాఫ్ట్‌నర్‌లో రెసిన్ గుళికలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతాయి. కొంతకాలానికి నిండిపోయిన ఆ గుళికలను ఉప్పునీరు తిరిగి కడిగి సిద్ధం చేస్తుంది. మొదటిసారి యంత్రంలోని ఉప్పు డబ్బాను నీటితో నింపి, తరువాత గరాటాతో డిష్‌వాషర్ ఉప్పు పోయాలి. ఒక కిలో పైచిలుకు పడుతుంది. ఆ తరువాతి నుంచి నీరు పోయనక్కరలేదు. వంటకు వాడే మెత్తని ఉప్పు, అయొడైజ్డ్ ఉప్పు పోయకండి. అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు రెసిన్‌కు చేటు చేస్తాయి. కళ్ళుప్పులో మట్టి, కరగని నలకలు ఉంటాయి కాబట్టి చవకని చూసి అదీ వద్దు. ఉప్పు పోయగానే పొంగిన ఉప్పునీటిని తుడిచి, మూత గట్టిగా బిగించి, గిన్నెలు లేకుండా ఒక కార్యక్రమాన్ని వెంటనే నడపండి, లేకపోతే అడుగు స్టీలు తుప్పు పడుతుంది. ఉప్పు పోసిన మరునాటి నుంచే పొర ఎక్కువైతే ముందు ఆ మూతనే అనుమానించండి.

ఇంత చేసినా టీడీఎస్ బాగా ఎక్కువున్న బోరు నీటితో గ్లాసుల మీద కొన్ని చుక్కల మరకలు మిగులుతాయి. ఎందుకంటే సాఫ్ట్‌నర్ సున్నాన్ని సోడియంతో మార్చిందే తప్ప ఉప్పులను తీసేయలేదు. అక్కడ రిన్స్ ఎయిడ్ (ఆఖరి కడుగులో కలిసే ద్రవం) పనికొస్తుంది. అది నీటిని చుక్కలుగా నిలవనివ్వకుండా పలుచగా జార్చేస్తుంది. దాని మోతాదును ఒక్కో మెట్టే పెంచుతూ పోండి. మరకలు తగ్గక గ్లాసుల మీద నీలిరంగు గీతలు కనిపిస్తే ఎక్కువైందని గ్రహించి ఒక మెట్టు తగ్గించండి. అన్నీ ఒకే మాత్రలో ఉన్నాయని అమ్మే మాత్రలు మధ్యస్థ కఠినత్వం వరకే పనిచేస్తాయి. మన బోరు నీటికి ఉప్పు విడిగా పోయక తప్పదు.

ఇప్పటికే లోపల పేరుకున్న సున్నాన్ని తీయడానికి, గిన్నెలు లేని యంత్రం అడుగున 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చల్లి, డిటర్జెంట్ వేయకుండా, అత్యంత వేడి కార్యక్రమాన్ని నడపండి. రెండు మూడు నెలలకొకసారి ఇలా చేస్తే చాలు. నిమ్మ ఉప్పుతో పాటు బ్లీచింగ్ ద్రవం ఎప్పుడూ వేయకూడదు, దానివల్ల విషవాయువు పుడుతుంది. ఇంకొక మాట: కడప బండ కూడా సున్నపురాయే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు గానీ వెనిగర్ గానీ బండ మీద ఒలికితే వెంటనే తుడవండి. లేదంటే గ్లాసు మెరిసినా బండ మీద తెల్లటి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. మా ఇంట్లో పొయ్యి పక్కన అలాంటి మచ్చ అరచేతి అంత ఉంది.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు

జల్లెడ, ఆర్మ్‌లు, పేర్పు, బకెట్ పరీక్ష, ఉప్పు అన్నీ సరిచూశాక కూడా గిన్నెలు మురికిగానే ఉంటే, లేదా మంచి వోల్టేజీలోనూ గిన్నెలు చల్లగా వస్తుంటే, లేదా నీరు చిమ్మే శబ్దమే వినిపించకపోతే అప్పుడు పిలవండి. హీటరు, పంపు, వేడిని కొలిచే సెన్సర్ మీరు విప్పవలసినవి కావు. వారంటీ మిగిలి ఉంటే అడుగు పలక అసలే తీయకండి. ఆయన వచ్చేలోగా ఒక కాగితం మీద నిమిషానికి పడిన లీటర్లు, నీటి కఠినత్వం, యంత్రంలో పెట్టిన మెట్టు, నడిపిన కార్యక్రమం, ఏ ట్రేలో ఎలాంటి మురికి మిగిలిందో రాసి ఉంచుకోండి. వచ్చీరాగానే బోర్డు మార్చాలని అంటే, ఆ కాగితం చూపించి, హీటరును గానీ పంపును గానీ మీటరుతో పరీక్షించారా అని అడగండి.